పరాయి యుద్ధం, సొంత పాఠం: జగిత్యాల కోట నుంచి డ్రోన్ల దాకా

(ఆదిలాబాద్‌లో చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆయన్ని ఈ సభలో సగం మంది పేరుపెట్టి పిలిచి ఎరగరు. సార్ అంటే ఆయనే. నేనూ అట్లాగే అంటాను. హైస్కూల్లో చరిత్ర చెప్పిన మనిషి. రాజుల పట్టాభిషేకాల తేదీలు బట్టీ పట్టించడం ఆయనకు గిట్టదు. "ఎవడు గెలిచిండో పుస్తకంల ఉంటది. ఓడినోడు ఏం నేర్చుకున్నడు, చూసినోడు ఏం నేర్చుకున్నడు, అది అడగుండ్రి" అనేవారు. ఈ ఏటి అంశం ఆ రెండో ప్రశ్నకు సంబంధించింది. ఒక యుద్ధాన్ని దూరం నుంచి చూసిన సైన్యం దానిలోంచి ఏం తెచ్చుకుంటుంది?

నేను సైనికుణ్ణి కాను. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. సైనిక రహస్యాలు నా దగ్గర లేవు. అందరికీ తెలిసిన సంగతులనే మన జిల్లాల నేల మీద నిలబడి మరోసారి చూడటం ఈ పూట నా పని.

సైన్యం వృత్తిలో ఒక విచిత్రం ఉంది. డాక్టరు రోజూ రోగిని చూస్తాడు, వకీలు రోజూ కోర్టుకు పోతాడు. సైన్యాధికారి ముప్పై ఏళ్లు నౌకరీ చేసి అసలైన యుద్ధం ఒక్కటీ చూడకుండానే పింఛను పుచ్చుకోవచ్చు. అందుకని ప్రతి సైన్యమూ ఇతరుల యుద్ధాలను బడిగా వాడుకుంటుంది. పరిశీలకులను పంపుతుంది, నివేదికలు రాయిస్తుంది, గెలిచినవాడి ఆయుధం ఏ బజారులో దొరుకుతుందో వాకబు చేస్తుంది. ఇంతా చేసినా పరాయి యుద్ధం నుంచి నిజంగా నేర్చుకున్న సైన్యాలు తక్కువ. ఎందుకు? చూడటం ఒకటి, కొనడం ఒకటి, నేర్చుకోవడం మరొకటి కాబట్టి. నేర్చుకున్నదీ లేనిదీ తేల్చడానికి నాకు తోచిన గీటురాయి ఒకటే: ఆ పాఠం కోసం సైన్యం తనదైనది ఏమైనా వదులుకుందా? ఈ ప్రశ్నను పట్టుకుని మూడు శతాబ్దాలు నడుద్దాం.

ఎలగందుల ఎత్తు, జగిత్యాల చదును

కరీంనగర్ పక్కన మానేరు ఒడ్డున ఎలగందుల కోట ఉంది. కొండే దాని బలం. పైనున్నవాడు రాళ్లు దొర్లించినా కిందివాడికి కష్టమే. కాకతీయుల కాలం నుంచి మన కొండ కోటల తీరు ఇది. ఎత్తు ఎంత ఉంటే భద్రత అంత. అక్కడి నుంచి జగిత్యాలకు వెళ్లి చూడండి. కొండ లేదు, గుట్ట లేదు. చదును నేల మీద, నక్షత్రం ఆకారంలో, చుట్టూ కందకంతో కూర్చున్న కోట. అసఫ్‌జాహీల సర్దారు జఫరుద్దౌలా కోసం ఫ్రెంచి ఇంజినీర్లు 1747లో దీన్ని కట్టారని గెజిటీర్లు చెబుతాయి. ఎలగందుల కొండ మీద 1754 నాటి మసీదు కట్టించినవాడూ ఆయనే. రెండు కోటలూ ఒకే సర్దారు చేతి కింద ఉండేవి. వాటి వెనక ఉన్న యుద్ధాలు మాత్రం వేరు.

నక్షత్రాకారం అందం కోసం పుట్టలేదు. 1494లో ఫ్రాన్సు రాజు ఎనిమిదో చార్లెస్ చక్రాల మీద లాక్కుపోగలిగే కంచు ఫిరంగులతో ఇటలీ మీద పడ్డాడు. ఇటలీ నగరాల ఎత్తైన గోడలు ఆ గుండ్లకు కూలిపోయాయి. గోడ ఎంత ఎత్తుంటే గురి అంత సులువు. ఆ దెబ్బ తిన్న ఇటాలియన్లు గోడల ఎత్తు తగ్గించారు, మందం పెంచారు, ముందు కందకం తవ్వారు. గుండ్రటి బురుజుల చోట కోణాల బురుజులు కట్టారు. గుండ్రటి బురుజు ముందు పైనుంచి కాల్చడానికి వీలుకాని చాటు కొంత ఉంటుంది. కోణాల బురుజులో ఆ చాటు ఉండదు. ఒక బురుజు మీది ఫిరంగి పక్క బురుజు ముఖాన్ని కాపాడుతుంది. గోడ దగ్గరికి వచ్చినవాడు రెండు వైపుల నుంచీ గుండ్ల పాలవుతాడు. ఇటలీ నేర్చిన ఈ విద్యను ఫ్రాన్సు తిరిగి నేర్చింది, వోబాన్ వంటి ఇంజినీరు దాన్ని శాస్త్రం చేశాడు. రెండున్నర శతాబ్దాలు చేతులు మారుతూ వచ్చి ఆ పాఠం జగిత్యాల నేల మీద రాయై నిలిచింది.

ఇక్కడ వదులుకున్నది ఎత్తు. వేల ఏళ్లుగా కోట అంటే ఎత్తే. దాన్ని వదలడానికి కట్టేవాడికీ కట్టించేవాడికీ గుండె కావాలి. మహబూబ్ ఘాట్ దిగి నిర్మల్ వెళ్లేవాళ్లకు శ్యాంగఢ్, బత్తీస్‌గఢ్ కనిపిస్తాయి. వాటి వెనకా ఫ్రెంచివారి చేయి ఉందని చెబుతారు. కాబట్టి మన ఉత్తర తెలంగాణ పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ యుద్ధ విద్యకు దూరపు మారుమూల కాదు. ఆ విద్య ఇక్కడికి తొందరగానే వచ్చింది.

వచ్చి ఏం చేసింది అన్నది వేరే ప్రశ్న. 1780ల తొలి ఏళ్లలో జఫరుద్దౌలా కొడుకు ఇహ్తిషాం జంగ్ నిజాం అలీఖాన్ మీదే ఎదురు తిరిగాడు. నిజాం తానే ఫౌజు తీసుకుని నిర్మల్ మీదికి రావలసి వచ్చింది. కోట కట్టు మారింది గానీ కోటలో ఫౌజు ఎవరిది, జీతం ఎవరిస్తారు, విధేయత ఎవరికి అన్న ఏర్పాటు మారలేదు. సర్దారు ఫౌజు సర్దారుదే. కొత్త కోట పాత జాగీర్దారీని మరింత గట్టిపరిచింది, అంతే.

కిరాయి విద్య

పదాతిదళం కథ చూస్తే ఇది ఇంకా స్పష్టమవుతుంది. 1746లో మద్రాసు పక్కన అడయారు ఒడ్డున ఆర్కాటు నవాబు కొడుకు దాదాపు పది వేల మందితో నిలబడ్డాడు. ఎదురుగా ఫ్రెంచి కెప్టెన్ పారడీ దగ్గర ఉన్నది సుమారు వెయ్యి మంది. వాళ్లలోనూ ఎక్కువ మంది తర్ఫీదు పొందిన మన సిపాయిలే. వరసగా నిలబడి, హుకుం మీద ఒక్కసారిగా కాల్చి, మళ్లీ తుపాకి నింపుకోవడం తెలిసిన ఆ వెయ్యి మంది ముందు పది వేలు చెదిరిపోయాయి. దక్కనులోని ప్రతి దర్బారూ ఆ వార్త విన్నది. 1751లో బుస్సీ ఫ్రెంచి దళంతో హైదరాబాదు రాజకీయంలో అడుగుపెట్టి, సలాబత్ జంగ్‌ను గద్దెమీద నిలబెట్టాడు.

నిజాం ప్రభుత్వం పాఠాన్ని అర్థం చేసుకుంది. దాన్ని సొంతం చేసుకోలేదు, కిరాయికి తీసుకుంది. కవాతు నేర్పే అధికారి పరాయివాడు, సిపాయికి జీతమిచ్చే చేయి పరాయిది. కిరాయి ఎంతయిందో లెక్క చూడండి. బుస్సీ దళం జీతాల కోసం 1753లో ముస్తఫానగర్, ఏలూరు, రాజమండ్రి, చికాకోలు (శ్రీకాకుళం) సర్కార్ల ఆదాయం ఫ్రెంచివాళ్ల చేతికి పోయింది. 1758లో బుస్సీని వెనక్కి పిలిచారు. మరుసటి ఏడాదే ఇంగ్లీషువాళ్లు మచిలీపట్నం పట్టుకున్నారు, 1766 ఒప్పందంతో ఉత్తర సర్కార్లు వాళ్లవయ్యాయి.

రెండోసారీ ఇదే జరిగింది. 1786 నుంచి ఫ్రెంచి అధికారి రేమండ్ నిజాం కొలువులో కొత్త దళం కట్టాడు. హైదరాబాదు గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోతపోశాడు. 1798 నాటికి ఆ దళంలో సుమారు పద్నాలుగు వేల మంది. అది నిజాం రాజ్యపు వెన్నెముక అనిపించేది. ఆ ఏడాది మార్చిలో రేమండ్ చనిపోయాడు. సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువాళ్లతో సంధి చేసుకున్నాడు. అక్టోబరులో ఆ పద్నాలుగు వేల మంది ఆయుధాలు దించారు. యుద్ధమే జరగలేదు. బాకీపడ్డ జీతాల కోసం సిపాయిలే అధికారుల మీద తిరగబడి ఉండటం ఇంగ్లీషువాళ్ల పని తేలిక చేసింది. ఫ్రెంచి కిరాయి పోయి ఇంగ్లీషు కిరాయి వచ్చింది. ఆ కొత్త దళం ఖర్చు కింద 1800లో బళ్లారి, కడప ప్రాంతాలు దత్త మండలాలై కంపెనీకి పోయాయి.

కోస్తా, సీమ, తెలంగాణ అని ఈనాటికీ మనం గీసుకునే గీతలు ఎక్కడ పుట్టాయో ఒకసారి ఆలోచించండి. సొంతంగా నేర్చుకోని యుద్ధ విద్యకు నిజాములు రెండు దఫాలుగా కట్టిన కిరాయిలో పుట్టాయి. సైనిక విద్య సైన్యానికే పరిమితమైన విషయం అనుకునేవాళ్లకు తెలుగు దేశపటమే జవాబు.

నేర్చుకోవడం కష్టమన్న సంగతి మన కమ్మరులకు ఇంకో వైపు నుంచి తెలుసు. నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి ఇనుముతో, గోదావరి దక్షిణాన కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు ఇరాన్ దాకా పోయేది. అక్కడి కత్తుల పేరుకు ఇక్కడి ఉక్కు ఆధారం. పంతొమ్మిదో శతాబ్దపు మొదట్లో ఇక్కడికి వచ్చిన యూరోపియన్లు, ఇరాన్ వర్తకులు ఈ కొలుముల దగ్గరే మకాం వేసి సరుకు కొనడం చూసి రాశారు. తమ దేశంలో ఇలాంటి ఉక్కు చేయబోయి చేతకాలేదని ఆ వర్తకులే చెప్పుకున్నారట. కత్తి కొన్నవాడికి కొలిమి రాదు. ఫిరంగి కొన్న నిజాముకూ అంతే.

ఏది వదలాలో తెలియకపోతే

వదులుకుంటే చాలునా? చాలదని పానిపట్టు చెబుతుంది. బుస్సీ తర్ఫీదులో ఎదిగి మొదట నిజాం కొలువులో ఉన్న ఇబ్రహీం ఖాన్ గార్దీ తర్వాత మరాఠాలవైపు వెళ్లాడు. 1761 జనవరి 14న పానిపట్టు మైదానంలో సదాశివరావు భావు పక్కన ఆయన తుపాకి దళాలూ ఫిరంగులూ ఉన్నాయి. గార్దీలు ఆ రోజు గట్టిగా పోరాడారు. కానీ వాళ్ల పద్ధతికి సైన్యమంతా వరస తప్పకుండా నిదానంగా కదలాలి. మరాఠా గుర్రపు సర్దార్లకు ఆ ఓపిక అలవాటు లేదు. మరాఠాలు వదులుకున్నది తమ అసలు బలాన్ని, అంటే మెరుపులా వచ్చి శత్రువు తిండిని తెంపి మాయమయ్యే పాత యుద్ధాన్ని. వదలవలసినది వదల్లేదు. యాత్రికులు, కుటుంబాలు, వర్తకులతో నిండిన పెద్ద శిబిరం వెంటే ఉంది. ఆ శిబిరమే వాళ్లను ఆకలితో కట్టిపడేసింది.

దీనికి ఎదురుగా జపానును పెట్టి చూడవచ్చు. 1868 తర్వాత జపాను కూడా యూరప్ యుద్ధ విద్యే నేర్చింది. 1873లో నిర్బంధ సైనిక సేవ పెట్టింది. 1876లో సమురాయిల కత్తి ధరించే హక్కు తీసేసింది. తరాలుగా పాలించిన ఒక వర్గం ప్రతిష్ఠనే వదులుకుంది. 1885లో జర్మనీ నుంచి మెకెల్ అనే అధికారిని పాఠాలకు పిలిపించుకుంది, మూడేళ్లకు ఆయన్ని సాగనంపింది. బడి మాత్రం నడిచింది, ఎందుకంటే ఉపాధ్యాయులు జపానువాళ్లే అయ్యారు. రేమండ్ పోగానే హైదరాబాదు దళం కూలింది, మెకెల్ పోయాక జపాను దళం నిలిచింది. తేడా అక్కడుంది.

ఆ జపానే 1904, 1905లలో రష్యాతో పోరాడినప్పుడు యూరప్ సైన్యాలు పరిశీలకులను పంపాయి. మెషిన్‌గన్లు, ముళ్ల తీగలు, కందకాలు వేల మందిని ఎలా మింగుతాయో పోర్ట్ ఆర్థర్ దగ్గర వాళ్లు కళ్లారా చూశారు, సంపుటాల కొద్దీ రాశారు. అయినా చాలామంది అక్కడి నుంచి తీసుకెళ్లిన పాఠం ఇంకొకటి: అన్ని ప్రాణాలు పోయినా జపాను సిపాయి ముందుకే నడిచి గెలిచాడు, కాబట్టి ధైర్యముంటే ఎదురుదాడి గెలుస్తుంది. తాము ముందే నమ్మినదాన్నే వాళ్లు ఆ యుద్ధంలో వెతుక్కున్నారు. జపాను వైపు నిలబడి చూసిన బ్రిటిష్ జనరల్ ఇయాన్ హామిల్టన్ తెలివైన పరిశీలకుడు, పుస్తకం కూడా రాశాడు. 1915లో గల్లిపోలీలో కొండలెక్కి కందకాల మీదికి దళాలను పంపి ఓడిన సేనానీ ఆయనే. ఒక్కడు చూసినంత మాత్రాన సంస్థ నేర్చుకోదు.

గుట్టల్లో చదువు

సర్కారు ఫౌజులకు పరిశీలకులు, నివేదికలు ఉంటాయి. పేదల పోరాటాలకు అవేవీ ఉండవు. ఒకచోట ఓడినవాడు మరోచోటికి నడిచి వస్తాడు, వాడే పాఠం. 1857 తిరుగుబాటు అణగారాక నిర్మల్ అడవుల్లో రాంజీ గోండు వెంట గోండులతో పాటు రోహిల్లాలూ పోరాడారు. తిరుగుబాటుదారులను ఉరితీసిన చెట్టు వెయ్యి ఉరుల మర్రిగా నిర్మల్ ప్రజల జ్ఞాపకంలో ఉంది. గోండు నాయకుడు కుమ్రం భీం అస్సాం తేయాకు తోటలదాకా వెళ్లి వచ్చాడని, మన్యంలో అల్లూరి సీతారామరాజు చేసిన పోరాటం గురించి విన్నాడని చెబుతారు. జోడేఘాట్ గుట్టల మీద 1940లో ఆయన ప్రాణం వదిలాడు. ఆ తర్వాత నిజాం ప్రభుత్వం మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పిలిపించింది. మార్లవాయిలో గోండి బడి వచ్చింది, కొన్ని భూములకు పట్టాలు వచ్చాయి. గెలిచిన సర్కారు తన అటవీ పెత్తనంలో కొంత వదులుకుంది. నేర్చుకుంది కూడా ఆ వదులుకున్న మేరకే. మిగిలిన పెత్తనం మిగిలే ఉందని 1981 ఏప్రిల్ 20న గోండుల మీద పోలీసు కాల్పులు జరిగిన ఇంద్రవెల్లి చెప్పింది.

మన తరం చూసిన చరిత్రను దాటేసి పోవడం ఈ సభలో కుదరదు. 1978లో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. 1980లో నక్సలైట్ల పార్టీ పీపుల్స్ వార్ ఏర్పడింది. అది చదువుకున్నది చైనా యుద్ధాన్ని: పల్లెలు పట్టుకో, పట్నాన్ని చుట్టుముట్టు. ఆ పాఠం పుట్టిన 1930ల చైనాలో ఒకే సర్కారు లేదు. ప్రాంతానికో సేనాపతి ఉండేవాడు, పైగా జపాను దండయాత్ర. ఇక్కడ సర్కారు ఉంది, రోడ్లు వస్తున్నాయి, ఐదేళ్లకోసారి ఓట్లు పడుతున్నాయి. ఆ తేడా ఎంత పెద్దదో దశాబ్దాలు గడిచాక గానీ తేలలేదు. అవతల పోలీసులు కూడా మొదట్లో జీపుల్లో వెళ్లి మందుపాతరల మీద పడ్డారు. 1989లో కె.ఎస్. వ్యాస్ ఆధ్వర్యంలో గ్రేహౌండ్స్ పోలీసు దళం వచ్చాక పద్ధతి మారింది. జీపు వదిలి నడక పట్టారు, పెద్ద పటాలం వదిలి చిన్న జట్టు కట్టారు, రాత్రిళ్లు అడవిలోనే ఉన్నారు. గెరిల్లా దగ్గరే గెరిల్లా విద్య నేర్చారు. వ్యాస్‌ను 1993 జనవరిలో హైదరాబాదులో కాల్చి చంపారు. ఇరువైపులా నేర్చుకుంటూ పోయిన ఆ ఏళ్లలో నడుమ నలిగినవి గూడేలు, పల్లెలు. ఎవరి పాఠం ఎంత సరైనదని లెక్కగట్టేటప్పుడు ఆ ఫీజు ఎవరు కట్టారన్నది మరిచిపోకూడదు.

1973 అక్టోబరు, తెలుగు జనరల్

ఇప్పుడు మన సైన్యం సంగతి. 1973 అక్టోబరు 6న ఈజిప్టు సేనలు సూయజ్ కాలువ దాటాయి. అధిక పీడన పంపులతో నీళ్లు కొట్టి ఇజ్రాయెల్ ఇసుక కట్టను కోసి దారులు చేసుకున్నాయి. అక్టోబరు 8న ఇజ్రాయెల్ ట్యాంకులు, పక్కన సరైన పదాతిదళం, ఫిరంగుల అండ లేకుండా ఎదురుదాడికి దూకాయి. భుజాన మోసుకొచ్చిన సాగర్ క్షిపణులు, ఆర్‌పీజీలు వాటిని నిలిపివేశాయి. ట్యాంకు కాలం చెల్లిందని ప్రపంచమంతా కొందరు ప్రకటించేశారు. ఇంకొందరు నిదానంగా చదివారు: చచ్చింది ట్యాంకు కాదు, ఒంటరిగా పోయే ట్యాంకు.

మన దేశంలో ఆ నిదానపు చదువుకు నాయకత్వం వహించిన వ్యక్తి తెలుగువాడు, జనరల్ కె.వి. కృష్ణారావు. 1971 యుద్ధంలో సిల్హెట్ వైపు ఎనిమిదో పర్వత డివిజన్‌ను నడిపిన సేనాని. 1975లో సైన్య పునర్వ్యవస్థీకరణ కోసం ఏర్పాటైన నిపుణుల సంఘానికి ఆయన అధ్యక్షుడు, సుందర్జీ, ఛిబ్బర్ సభ్యులు. రాబోయే పాతికేళ్ల సైన్యం ఎలా ఉండాలన్నది వాళ్ల ముందున్న పని. 1981 నుంచి 1983 దాకా ఆయనే సైన్యాధిపతి.

1973 పాఠం ఇక్కడ పట్టుకోవడానికి రెండు కారణాలు నాకు కనిపిస్తాయి. ఒకటి, నేల పోలిక. పంజాబ్ సరిహద్దులోనూ కాలువలు, కందకాలు, మట్టి కట్టలు ఉన్నాయి. సూయజ్ దాటడం మనవాళ్లకు వింత కథ కాలేదు. రెండోది, సొంత అనుభవం. 1965లో అసల్ ఉత్తర్ దగ్గర పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు చెరుకు తోటల్లో, తడిసిన నేలలో చిక్కుకుని నాశనమవడం మన సైన్యం చూసింది. పరాయి యుద్ధం చెప్పిన మాటకు సొంత జ్ఞాపకం సాక్ష్యమిచ్చింది.

ఇక వదులుకున్నది చూడండి. ట్యాంకుతో సమానంగా పరుగెత్తే పదాతిదళం కావాలంటే కవచ వాహనాల్లో పోరాడే కొత్త రెజిమెంటు కావాలి. 1979లో మెకనైజ్డ్ ఇన్‌ఫంట్రీ రెజిమెంటు పుట్టింది. దానికోసం పాత రెజిమెంట్లలోని పేరుమోసిన బెటాలియన్లను తీసి ఇచ్చారు. పద్దెనిమిదో శతాబ్దంలో పుట్టిన మద్రాస్ రెజిమెంటు మొదటి బెటాలియన్, సిక్కు, గఢ్వాల్ రెజిమెంట్ల మొదటి బెటాలియన్లు తమ పాత పేర్లు విడిచి కొత్త సంఖ్యలు తగిలించుకున్నాయి. మద్రాస్ రెజిమెంటు అంటే మన తెలుగు జవాన్లూ ఉన్న రెజిమెంటు. పేరు మారితే సిపాయికి ఏమవుతుందో వాళ్లనడగండి. రెజిమెంటు పేరు మీద ప్రాణమిచ్చే సంస్కృతిలో ఆ పేరునే వదలడం చిన్న సంగతి కాదు. ఈజిప్టు యుద్ధాన్ని మనం నిజంగా చదివామనడానికి నాకది అన్నిటికన్నా పెద్ద రుజువు.

వాహనం సంగతికొస్తే, రష్యా బీఎంపీని మన మెదక్ ఎద్దుమైలారం ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీలో తయారు చేశారు. ట్యాంకుల్ని కొట్టే క్షిపణులు 1970లో హైదరాబాదులో పుట్టిన భారత్ డైనమిక్స్‌లో తయారయ్యాయి, మొదట ఫ్రెంచి నమూనాలు, తర్వాత రష్యావి. సొంత క్షిపణి కోసం 1983లో రక్షణ పరిశోధనాలయం డీఆర్‌డీఎల్ నాగ్ పని మొదలుపెట్టింది. అది సైన్యపు చివరి పరీక్ష దాటింది 2020 అక్టోబరులో.

ఆ నెల ఇంకెక్కడ ఏం జరుగుతోందో గుర్తుచేసుకోండి. నాగోర్నో కరబాఖ్ కొండల్లో అజర్‌బైజాన్ డ్రోన్లు ఆర్మీనియా ట్యాంకులను పైనుంచి ఏరిపారేస్తున్నాయి. 1973 పాఠానికి మన సొంత జవాబు సిద్ధమైన నెలలోనే ప్రశ్నపత్రం మారింది. నాగ్ వృథా అనడం లేదు. ఆయుధాన్ని సొంతంగా చేసుకోగల విద్య వృథా పోదు. కోనసముద్రం కొలుములు అర్థమైనవాళ్లకు ఆ మాట వేరే చెప్పక్కర్లేదు. పాఠానికి గడువు ఉంటుందని మాత్రం అంటున్నాను.

డ్రోన్ల ముందు మనం

కరబాఖ్ వీడియోలు చూసినవాళ్లకు డ్రోను ఒక్కటే కనిపించింది. వీడియోకెక్కని సంగతులు ఇంకా ఉన్నాయి. అజర్‌బైజాన్ పాత ఆన్-2 విమానాలను మనిషి లేకుండా ఎగరేసి, శత్రువు వాటి మీద కాల్చగానే వాడి క్షిపణులు ఎక్కడున్నాయో కనిపెట్టింది. ఆర్మీనియా గగన రక్షణ చాలావరకు పాతది. చివరికి షుషా పట్టణాన్ని పట్టుకున్నది కొండలెక్కి కాలినడకన వెళ్లిన సిపాయిలు. రెండేళ్లలోనే ఉక్రెయిన్‌లో, అజర్‌బైజాన్ వాడిన ఆ టర్కీ డ్రోన్లే మొదటి వారాల్లో మెరిసి, రష్యా గగన రక్షణ సర్దుకోగానే వెనకబడ్డాయి. వాటి చోటుకు చవకైన చిన్న డ్రోన్లు వచ్చాయి, వాటి సంకేతాలు చెడగొట్టే జామర్లు వచ్చాయి, జామరుకు లొంగకుండా సన్నని ఫైబర్ తీగ విడుచుకుంటూ ఎగిరే డ్రోన్లు వచ్చాయి. 1747లో ఒక కోట కట్టు తరాల తరబడి పనికొచ్చేది. ఇవాళ ఒక ఉపాయం కొద్ది నెలలు నిలిస్తే గొప్ప.

2025 మేలో పాకిస్తాన్ మీద చేసిన ఆపరేషన్ సిందూర్‌లో రెండు వైపులా డ్రోన్లు ఎగిరాయి. ఆ జులైలో ద్రాస్‌లో సైన్యాధిపతి, ప్రతి పదాతి బెటాలియన్‌లో డ్రోన్ ప్లటూన్ ఉంటుందని ప్రకటించారు. మంచి మాట. ఆ వార్త చదివినవాళ్లం అడగవలసిన ప్రశ్నలు మిగిలే ఉన్నాయి. ఆ డ్రోను గెలిచిన నేల ఎలాంటిది? పచ్చిక మైదానమా, మంచుకొండా? అది ఎవరి మీద గెలిచింది? మన ఎదుటివాడు ఆర్మీనియాలాంటివాడేనా? దాని చిప్పు, మోటారు, బ్యాటరీ ఎవరి దేశం నుంచి వస్తున్నాయి? అవి ఆగిపోతే రేమండ్ పోయిన రోజు మళ్లీ వస్తుందా? డ్రోను ఎగరేసే హవల్దారుకు, నెలనెలా మారే ఉపాయాన్ని పైఅధికారి అనుమతి కోసం ఆగకుండా మార్చుకునే అధికారం ఉందా? ఈ చివరి ప్రశ్నే అన్నిటికన్నా కష్టం. హుకుం పైనుంచి కిందికి నడిచే సంస్థలో విద్య కిందినుంచి పైకి నడవాలంటే కొందరి పెత్తనం తగ్గాలి.

ఇవన్నీ ఢిల్లీవాళ్లు చూసుకుంటారులే అని వదిలేయవద్దని నా మనవి. మన కాలేజీల చరిత్ర విభాగాలు జగిత్యాల, నిర్మల్, ఎలగందుల కోటలను సక్రమంగా కొలిచి నక్షలు గీయాలి. ఏ బురుజు నుంచి ఏ గోడ కనిపిస్తుందో గుర్తించి, ఫిరంగుల మీది రాతలు చదివించి తెలుగులో అచ్చు వేయాలి. కృష్ణారావు సంఘం చేసిన పని గురించి, గన్‌ఫౌండ్రీ నుంచి ఎద్దుమైలారం దాకా సాగిన దారి గురించి తెలుగు పాఠకుడికి తెలుగులో పుస్తకాలు కావాలి. పన్ను కట్టేవాడికీ, కొడుకును సైన్యానికి పంపేవాడికీ ఆ లెక్క అడిగే హక్కు ఉంది. అడగడానికి ముందు తెలిసి ఉండాలి కదా.

ఏం కొన్నారో చెప్పడానికి ప్రకటనలు ఉంటాయి, కవాతులు ఉంటాయి, టీవీలు ఉంటాయి. దానికోసం ఏం మానేశారో ఎవరూ తమంతట తాము చెప్పరు. ఏ పాత పటాలం రద్దయింది, ఏ అలవాటు పోయింది, ఎవరి మాట చెల్లకుండా పోయింది అన్నది మనమే అడగాలి. దానికి జవాబుంటే మన సైన్యం పరాయి యుద్ధాన్ని చదువుకున్నట్టు. జవాబు లేకపోతే సరుకు కొన్నట్టు మాత్రమే. ఆ రెంటికీ ధర ఎంత తేడా పడుతుందో బళ్లారి నుంచి చికాకోలు దాకా మన పటమే చెబుతుంది.